ఊరంతా ఇటొస్తుంటే మేం అటెళ్ళాం

సంక్రాంతి వచ్చిందంటే హైదరాబాద్ సగం ఖాళీ అయిపోయి మా గోదావరి జిల్లాల్లో వచ్చి పడుద్ది, ఇది అందరికీ తెలిసిన సంగతే. మేం మాత్రం ఈసారి పండక్కి మూడు రోజుల ముందు తాడేపల్లిగూడెంలో రైలెక్కి హైదరాబాద్ వెళ్ళాం. చెప్తే మా వీధిలో వాళ్ళు నవ్వారు, పండగ పూట ఊరొదిలేసి పట్నం వెళ్తారా ఎవరైనా అని.

పైకి చెప్పిన కారణం ఏంటంటే మా తమ్ముడికి ఆఫీసులో ఊరికి వచ్చేన్ని రోజులు లీవు ఇవ్వలేదు, వాళ్ళు రాలేకపోతే మనమే వెళ్దాం, పిల్లలకి సిటీ చూపించినట్టు ఉంటుంది అని. అసలు కారణం వేరే. పోయిన ఏడు మా ఆయన భీమవరం వైపు కోడిపందేల బరికి వెళ్ళి పన్నెండు వేలు పోగొట్టుకుని వచ్చారు, అందులో సగం నా చీటీ డబ్బులు. అందుకని ఈసారి మనిషిని బరికి దగ్గర దగ్గర 450 కిలోమీటర్ల దూరంలో పెడితే తప్ప లాభం లేదని డిసెంబర్లోనే టికెట్లు తీసేశాను.

టికెట్ల విషయంలో ఒక మాట చెప్పాలి. అప్పుడు హైదరాబాద్ నించి మా వైపు రావాలంటే వెయిటింగ్ లిస్టు చూస్తేనే కళ్ళు తిరుగుతాయి, ప్రైవేటు బస్సులు ఎంత అడిగితే అంత. అదే మా వైపు నించి అటు వెళ్ళే బండిలో స్లీపర్ బోగీ సగం ఖాళీ! నలుగురం కాళ్ళు చాపుకుని పడుకున్నాం, పక్క బెర్తులో అరిసెల డబ్బా ఒక్కటే పడుకుంది. ఎదురుగా వచ్చే ప్రతి బండీ తలుపుల దగ్గర దాకా జనం వేలాడుతూ వెళ్తుంటే మా పెద్దోడు కిటికీలోంచి అందరికీ టాటాలు చెప్పడం. తిరుగు ప్రయాణం కూడా అంతే, పండగ అయ్యాక జనం సిటీకి పరిగెడుతుంటే మేం ఖాళీ బండిలో ఊరికి వచ్చాం. పిల్లలతో చవగ్గా హైదరాబాద్ చూడాలనుకునే మా కోస్తా వాళ్ళకి ఇంతకంటే మంచి టైము దొరకదని నా అభిప్రాయం, ఎండ కొట్టదు, రోడ్లు ఖాళీ, బస్సులో సీటు దొరుకుతుంది.

తమ్ముడు వాళ్ళది చందానగర్. మా మరదలు మహా గట్టి మనిషి, మేం వెళ్ళేసరికే ఒక నోటుపుస్తకం వెనక పేజీలో ప్లానంతా రాసి పెట్టుకుంది. "వదినా, సోమవారం జూ సెలవు, శుక్రవారం సాలార్‌జంగ్ సెలవు, ఇవి గుర్తు పెట్టుకోకపోతే ఆటో డబ్బులు దండగ" అని మొదటి రోజే చెప్పింది. క్యాబ్ మాట ఎత్తకూడదు అని కూడా రూలు పెట్టింది. ఎక్కడికెళ్ళినా ఎంఎంటీఎస్ (అదే, సిటీ లోకల్ రైలు) లేదా సిటీ బస్సు, పొద్దున్నే పులిహోరో చపాతీలో కట్టుకుని బయల్దేరడం.

ఎంఎంటీఎస్ మా పిల్లలకి పెద్ద వింత. చందానగర్ నించి నాంపల్లి దాకా మనిషికి పది పదిహేను రూపాయల్లో అయిపోతుంది, కాకపోతే టైము చూసుకుని వెళ్ళాలి, ఒకటి తప్పిందంటే తర్వాతది ఎప్పుడొస్తుందో ప్లాట్‌ఫాం మీద కూర్చుని జపం చేసుకోవాల్సిందే. హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ, భరత్‌నగర్, ఫతేనగర్ అని పెద్దోడు స్టేషన్లన్నీ బట్టీ పట్టేశాడు, ఆ తర్వాత నేచర్ క్యూర్ హాస్పిటల్ అని స్టేషన్ పేరు వచ్చేసరికి "అమ్మా ఇక్కడ దిగితే సూది వేస్తారా" అని మా చిన్నది నా ఒళ్ళోకి వచ్చి కూర్చుంది.

బస్సులో ఇంకో తమాషా. తెలంగాణలో ఆడవాళ్ళకి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ కదా, 2023 డిసెంబర్ నించి. మా మరదలు ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంది, నేనూ దర్జాగా నా ఆధార్ తీశాను. కండక్టరమ్మ చూసి "ఇది ఆంధ్రా అడ్రస్ అమ్మా, టికెట్ తీసుకోవాలె" అంది. మా ఊళ్ళో 2025 ఆగస్టు నించి నాకూ ఫ్రీయే అండి అన్నాను, "అయితే మీ ఊళ్ళ తిరుగు" అని నవ్వుతూ టికెట్ చింపిచ్చింది. ఒకే సీట్లో కూర్చున్న వదినామరదళ్ళం, ఆవిడకి సున్నా నాకు ముప్పై. మా ఆయన అయితే వారం రోజులూ ఇదే జోకు.

మొదట గోల్కొండ వెళ్ళాం, మెహదీపట్నంలో బస్సు మారి. పెద్దోళ్ళకి పాతిక రూపాయలు, పదిహేనేళ్ళ లోపు పిల్లలకి టికెట్టే లేదు. లోపలికి అడుగు పెట్టగానే గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే పైన కొండ మీద బాలా హిస్సార్ దగ్గర వినపడుద్ది అంటారు, శత్రువులొస్తే పైకి కబురు తెలియడానికి అప్పట్లో అలా కట్టారంట. నేను చదువుకునేటప్పుడు విన్నాను కానీ నమ్మలేదు. మా పెద్దోడు కూడా నమ్మలేదు, అందుకని వాడూ మా తమ్ముడూ మెట్లెక్కి పైకి పోయారు, మేం కింద ఉండి ఫోన్లో "ఇప్పుడు కొడుతున్నాం" అని చెప్పి కొట్టడం. పండగ ముందు రోజులు కాబట్టి జనం తక్కువ, లేకపోతే అక్కడ ఎవరి చప్పట్లు ఎవరివో తెలియదు. పైనించి వాడు "మూడు సార్లు కొట్టారు!" అని అరిచాడు. కరెక్టుగా మూడే! తర్వాత ఫోను పెట్టేసి కొడితే కూడా లెక్క సరిగ్గా చెప్పాడు. అంతే, ఇంక అక్కడే గంట సేపు ఉండిపోయాం, ఒక్క రూపాయి ఖర్చు లేని ఆట. చిన్నది చేతులు ఎర్రగా అయ్యేదాకా కొట్టింది.

మెట్లు మూడొందల అరవై పైనే ఉంటాయంటారు, మా ఆయన నూటయాభై దగ్గరే కూర్చుండిపోయారు. ఆ దారిలోనే రామదాసు బందిఖానా. చీకటి గది, పైన చిన్న కంత లోంచి వెలుగు, గోడ మీద ఆయన చెక్కుకున్నారని చెప్పే రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడి బొమ్మలు. భద్రాచలం మా పిల్లలు రెండు సార్లు చూశారు, అది కట్టించినాయన్ని ఇక్కడ పెట్టారని చెప్తే పెద్దోడు ఒప్పుకోలేదు. గుడి కట్టినందుకు జైల్లో ఎందుకు పెడతారు అని వాడి డౌటు. మా ఆయన తహసీల్దారు అంటే ఎవరో, పన్నులు ఎలా వసూలు చేసేవాళ్ళో, ఆ డబ్బు తానీషాకి కట్టకుండా గుడికి ఖర్చు పెట్టేశారనీ వివరంగా చెప్పారు, బాగానే చెప్పారు పాపం. అంతా విని వాడు "అంటే నువ్వు అమ్మ చీటీ డబ్బులు తీసినట్టా నాన్నా" అన్నాడు. మా తమ్ముడు గోడ వైపు తిరిగిపోయాడు. నేను మాత్రం ఏం మాట్లాడలేదు, పండగ పూట.

సాలార్‌జంగ్ మ్యూజియంకి అఫ్జల్‌గంజ్ లో దిగి మూసీ దాటి నడుచుకుంటూ వెళ్ళాం. అక్కడ పిల్లలకి అన్నీ చూపించాలని మాత్రం వెళ్ళకండి, పిచ్చెక్కుద్ది. మూడో సాలార్‌జంగ్ యూసుఫ్ అలీ ఖాన్ ఒక్కడే అంత పోగేశాడా అనిపిస్తుంది (పెళ్ళి కూడా చేసుకోలేదంట, అందుకే కుదిరింది అంది మా మరదలు). మేం మూడే పెట్టుకున్నాం. ఒకటి మేలిముసుగు రెబెక్కా, పాలరాతి బొమ్మే కానీ ముఖం మీద పల్చటి గుడ్డ కప్పినట్టే ఉంటుంది, 1876 లో మొదటి సాలార్‌జంగ్ రోమ్ లో కొన్నాడంట. చిన్నది "ఆ గుడ్డ తీసేయమను" అని ఒకటే గోల. రెండోది ముందు నించి చూస్తే మగవాడు, వెనకాల అద్దంలో చూస్తే ఆడపిల్ల కనిపించే చెక్క బొమ్మ. మూడోది గడియారం.

గడియారానికి మాత్రం టైము చూసుకుని వెళ్ళాలి. గంట గంటకీ గడ్డం ఉన్న చిన్న బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి గంటలు కొట్టి మళ్ళీ లోపలికి పోతుంది, అందుకే మా మరదలు పన్నెండింటికి తీసుకెళ్ళింది, ఒంటిగంటకి వెళ్తే ఒక్క దెబ్బే కదా, పన్నెండుకి పన్నెండు! అసలు లెక్క అంటే అది. ముందుగానే వెళ్ళి కూర్చున్నాం, జనం నిండిపోయారు, ఆ పక్కనే ఇంకో బుల్లి కమ్మరాయన బొమ్మ సెకనుకోసారి సుత్తి కొడుతూనే ఉంటాడు, పండగ సెలవు కూడా లేదు పాపం, మా తమ్ముడిలాగే. పన్నెండు అయ్యే ముందు అంత హాలూ ఒక్కసారి సైలెంటు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. ఇంట్లో టీవీ ముందు కూడా వాళ్ళు అంత కదలకుండా కూర్చోగా నేను చూడలేదు.

బిర్లా సైన్స్ మ్యూజియం గురించి ఎక్కువ చెప్పను, పెద్దోడికి డైనోసార్ అస్థిపంజరం ఒక్కటే కావాలి. అది సినిమాల్లో చూసే అమెరికా డైనోసార్ కాదు, పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్ యామనపల్లియెన్సిస్. పేరులోనే ఊరు ఉంది చూడు అని చెప్తే మన తాడేపల్లిగూడెంలో ఎందుకు దొరకలేదు అని అలిగాడు. తర్వాత పక్కనే బిర్లా మందిర్ కి వెళ్ళి సాయంత్రం హుస్సేన్‌సాగర్ చూస్తూ కూర్చున్నాం, అది ఉచితం.

జూకి పెద్దోళ్ళకి వంద, పిల్లలకి యాభై. మా బడ్జెట్లో అదే పెద్ద టికెట్టు, కానీ పొద్దున్నించీ సాయంత్రం దాకా ఆరుగురం గడిపేశాం కాబట్టి గిట్టింది. 380 ఎకరాలు, నడవలేక చస్తాం, చిన్న పిల్లలుంటే నీళ్ళ సీసాలు, టోపీలు మర్చిపోవద్దు. చెట్ల కింద దుప్పటి పరుచుకుని పులిహోర తిన్నాం. తెల్ల పులి నిద్రపోతుంది, సింహం నిద్రపోతుంది, ఏనుగు ఒక్కటే మా వైపు చూసింది. ఈ లోపు మా ఆయన కనపడ్డం లేదు. వెతికితే పక్షుల బోనుల దగ్గర, ఏదో అడవికోడి జాతి ముందు నిలబడి చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ చూస్తున్నారు. "దీని నడక చూడు, కాలు చూడు, అచ్చం పందెం కోళ్ళలో డేగ" అని మా తమ్ముడికి చెప్తున్నారు, "ఆ పక్కది కాకి డేగ, కానీ బరువు చాలదు." మా తమ్ముడు "బావా, దానికి కత్తి కట్టనివ్వరు ఇక్కడ" అన్నాడు. 450 కిలోమీటర్లు తీసుకొచ్చి కూడా ఏం లాభం చెప్పండి.

నుమాయిష్ కి భోగి ముందు రోజు వెళ్ళాం. నాంపల్లి ఎగ్జిబిషన్ అని మా నాన్న చెప్తుండేవారు, 1938 నించి జరుగుతుందంట, ఏటా జనవరి ఒకటి నించి ఫిబ్రవరి పదిహేను దాకా. ఇక్కడ జాగ్రత్త. గేటు దగ్గర మనిషికి యాభై తీసుకుంటారు, చవకే అనిపిస్తుంది, లోపలికెళ్ళాక కాశ్మీరు శాలువాలు, లక్నో కుర్తాలు, డ్రై ఫ్రూట్స్, మిర్చి బజ్జీలు, జెయింట్ వీలు, బుల్లి రైలు అన్నీ పర్సు వైపే చూస్తుంటాయి. అందుకే గేటు బయటే ఇద్దరు పిల్లలకీ చెరో రెండొందలు చేతిలో పెట్టాను, ఇంకేం అడగకూడదు, మీ డబ్బులు మీ ఇష్టం అని. పెద్దోడు పదిహేను నిమిషాల్లో జెయింట్ వీలుకీ ఏదో లైటు బొమ్మకీ ఊదేశాడు. ఆరేళ్ళది మాత్రం ప్రతి కొట్టు దగ్గరా ఆగడం, ఎంత అని అడగడం, "వద్దులే" అని నోటు మళ్ళీ గౌను జేబులో పెట్టుకోవడం. నా డబ్బులైతే ఈపాటికి సగం నుమాయిష్ కొనేది. ఆఖరికి అరవై రూపాయలకి గాజులు కొనుక్కుని నూట నలభై మిగుల్చుకుని వచ్చింది. నాకు మాత్రం ఒక శాలువా అంటగట్టారు, మా ఊళ్ళో దాన్ని కప్పుకునే చలి ఎప్పుడొస్తుందో.

పండగ రోజు ఎక్కడికీ వెళ్ళలేదు, అపార్ట్‌మెంటు మేడ మీదే. మా వైపు సంక్రాంతి అంటే హరిదాసు, గొబ్బెమ్మలు, బరులు, ఇక్కడ ఆకాశమంతా గాలిపటాలు. పక్క ఫ్లాటు వరంగల్ వాళ్ళు సకినాలు తెచ్చిచ్చారు, మేం అరిసెలిచ్చాం, వాళ్ళ అబ్బాయి పెద్దోడికి మాంజా పట్టుకోవడం నేర్పించాడు (నూలు దారమే, చైనా మాంజా కాదు). ఎవరి పటమైనా తెగితే చుట్టుపక్కల మేడలన్నీ "అఫా!" అని అరవడం, మా వాడికి అది తెగ నచ్చేసి ఇప్పటికీ ఇంట్లో గ్లాసు కింద పడినా అఫా అంటున్నాడు. మా ఆయన కాసేపు ముభావంగా ఉన్నారు కానీ పక్క మేడ వాళ్ళ పటాన్ని ఒకటి తెంపాక మనిషి మారిపోయారు, మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే కూడా దిగలేదు. అది కూడా పందెమే కదా, ఖర్చు దారం ఉండంత.

కనుమ నాడు భీమవరం నించి ఆయన ఫ్రెండు ఫోను. ఈయన బాల్కనీలోకి వెళ్ళి చాలాసేపు మాట్లాడి వచ్చి "ఇరవై వేలు పోయినయ్యంట వాడికి" అన్నారు. ముఖంలో బాధ కంటే సంతోషమే కనపడింది నాకు.

ఇంటికొచ్చి లెక్క చూస్తే నలుగురికి రానూపోనూ రైలు, బస్సులు, టికెట్లు, నుమాయిష్, నా శాలువాతో సహా ఎనిమిది వేలు దాటలేదు. ఉండడానికి తమ్ముడి ఇల్లు ఉంది కాబట్టి అనుకోండి, రూము తీసుకుంటే ఈ లెక్క వేరు. అందులో ఇంకా ఒక బాకీ ఉంది. తిరుగు రైల్లో చిల్లర లేదని టీ కోసం మా ఆయన చిన్నదాని దగ్గర ఆ నూట నలభై తీసుకున్నారు. అది రోజూ పొద్దున్న లేవగానే వాళ్ళ నాన్న మంచం దగ్గరికెళ్ళి చెయ్యి చాపి నిలబడుతుంది.