చెయ్యెత్తిన మరుసటి రోజు

కర్నూలులోనైనా కడపలోనైనా సువార్త సభ ముగిసే తీరు ఒకటే. కీబోర్డు మెల్లగా మోగుతుంటుంది. కళ్లు మూసుకోమని, రక్షణ కావాలనుకునేవాళ్లు చెయ్యెత్తమని ప్రసంగీకుడు అడుగుతాడు. ముందుకు వచ్చినవాళ్ల చేత ఒక ప్రార్థన చెప్పించి, పేరూ ఫోన్ నంబరూ రాసుకుంటారు. అందులో తప్పు లేదు. పని అంతటితో అయిపోయిందనుకుంటేనే చిక్కు.

మారుమనస్సు పొందండి (అంటే పాపం విడిచి దేవుని వైపు తిరగండి), సువార్త నమ్మండి అని యేసు రెండూ కలిపే చెప్పాడు (మార్కు 1:15). మన సభల్లో రెండోది గట్టిగా వినిపిస్తుంది, మొదటిది ఏడుపులో కలిసిపోతుంది. ఏడ్చినంత మాత్రాన మారినట్టు కాదు. ఆ మాటకొస్తే యేసును పట్టించిన ఇస్కరియోతు యూదా కూడా బాధపడ్డాడు, పాపం చేశానని ఒప్పుకున్నాడు, అందుకు తీసుకున్న 30 వెండి నాణేలు తిరిగిచ్చేశాడు. కానీ వెళ్లింది యాజకుల దగ్గరికి, యేసు దగ్గరికి కాదు. యేసు ఎవరో తెలియదని బొంకిన శిష్యుడు పేతురూ వెక్కి వెక్కి ఏడ్చాడు, కానీ తిరిగి ప్రభువు దగ్గరికే వచ్చాడు. తేడా అంతా అక్కడే ఉంది.

"నా పాపాలన్నీ క్షమించు ప్రభువా" అనడం సులువు. వాటిని పేరుపెట్టి చెప్పడమే కష్టం. ఎవరి సొమ్ము తిన్నారో, ఏ అబద్ధం ఇంకా నడుస్తోందో, ఎవరితో మాటలు మానేశారో కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటే దేవుని ముందు ఒప్పుకోండి. తర్వాత కాగితం చించేయండి. సాక్ష్యం పేరుతో మైకులో చదవొద్దు, అందులో వేరేవాళ్ల పరువు కూడా ఉంటుంది.

తర్వాత అప్పగింత. చెనిక్కాయల తూకంలో కొట్టేసిందైనా, బండల కొలతలో చదరపు అడుగులు ఎక్కువేసి రాసిందైనా తిరిగి ఇవ్వాల్సిందే. మోషే ధర్మశాస్త్రంలో లెక్క స్పష్టం: అసలుకు అయిదో వంతు కలపాలి (లేవీకాండము 6:5). అంటే 10,000కు 12,000. పన్నులు వసూలు చేసే జక్కయ్య, తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. సొమ్ము పోయినవాడు చనిపోయి ఉంటే వారసులకు ఇవ్వండి. ఒకేసారి కుదరకపోతే నెలనెలా ఇస్తానని ముఖాముఖి చెప్పండి. అయితే ఇది రక్షణకు కట్టే రుసుము కాదు. యేసు జక్కయ్య ఇంటికి వస్తానన్న తర్వాతే అతడు ఈ మాట అన్నాడు. రక్షణ కృపవల్ల, విశ్వాసం ద్వారా దొరికే వరం (ఎఫెసీ 2:8).

మన సీమలో డబ్బుకన్నా తెగనిది కక్ష. మత్తయి 5:24 ప్రకారం అర్పణను బలిపీఠం ముందే విడిచి, ముందు అవతలివాళ్లతో సమాధానపడాలి. పదిమందిని వెంటేసుకుని వెళ్తే అవతలివాళ్లకు బలప్రదర్శనలా కనిపిస్తుంది. ఇరువైపులా మాట చెల్లే పెద్దమనిషి ఒక్కరు చాలు. క్షమించానని చెప్పి కోర్టులో సాక్ష్యం తిప్పేయడం మాత్రం మారుమనస్సు కాదు, ఇంకో పాపం.

ఇక నమ్మడం. దేవుడున్నాడని దయ్యాలూ నమ్ముతాయి, వణుకుతాయి (యాకోబు 2:19). జబ్బు తగ్గితే నమ్ముతానని వచ్చినవాడు జబ్బు తిరగబెట్టగానే వెళ్లిపోతాడు, అతనికి నమ్మాల్సింది ఏమిటో ఎవరూ చెప్పలేదు కాబట్టి. క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో రోజు లేచాడు. ఆయనే నా ప్రభువని ఆ మాట మీద ఆనుకోవడమే విశ్వాసం.

బాప్తిస్మం దగ్గర సంఘాలు వేరవుతాయి. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో పసిపిల్లలకూ ఇస్తారు, పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే నిర్ధారణ ఉంటుంది. బాప్తిస్టులు, పెంతెకొస్తువాళ్లు విశ్వసించినవాళ్లనే ముంచుతారు, ఏట్లో నీళ్లు లేకపోతే తొట్టిలో. ఎస్సీ కుటుంబాలు వెనకాడటానికి కులపత్రమూ ఒక కారణం: క్రైస్తవంలోకి మారితే మన రాష్ట్రంలో ఎస్సీ హోదా పోయి బీసీ-సీ కిందికి వస్తారు. ఈ సంగతి పాస్టరు ముందే విడమరిచి చెప్పాలి.

తాగుడు మానేస్తానని ప్రమాణం చేసినవాళ్ల ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాడు ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజుల్లోపే వణుకు, ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించవచ్చు. ప్రాణానికే ముప్పు. దయ్యం పట్టిందని చుట్టూ కూర్చుని ప్రార్థిస్తూ కాలం పోగొట్టొద్దు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, ప్రార్థన దారిలోనూ చేయొచ్చు.