ఓక్ పార్క్‌లో ఒక కెమిస్టు ఇల్లు

ఇల్లినాయ్‌లో విలేజ్ అంటే మనం అనుకునే పల్లెటూరు కాదు. అది చట్టం ప్రకారం ఆ ఊరికి ఉన్న హోదా అంతే, సిటీ అని కాకుండా విలేజ్ అని ఏర్పడిన ఊళ్ళన్నమాట, వాటికి మేయర్ బదులు విలేజ్ ప్రెసిడెంట్ ఉంటారు, చాలావాటికి సొంత పోలీసులు కూడా ఉంటారు. షికాగోకి పడమర పక్కన ఆనుకుని ఉన్న ఓక్ పార్క్ అలాంటి విలేజే. 2020 జనాభా లెక్కల్లో 54 వేల పైచిలుకు మంది. డౌన్‌టౌన్‌లో గ్రీన్ లైన్ రైలెక్కి చివరి స్టేషన్ హార్లెమ్‌లో దిగితే చాలు, పెద్ద పెద్ద చెట్లు, వెడల్పాటి పోర్చ్‌లు ఉన్న పాత ఇళ్ళు, ఇంటి ముందు పచ్చిక, డబ్బున్న వాళ్ళు ఒక వందేళ్ళ పైనుంచి శ్రద్ధగా చూసుకుంటున్న ఊరని చూడగానే తెలిసిపోతుంది.

మా ఇంటికి ఎవరు చుట్టాలొచ్చినా డౌన్‌టౌన్ అయ్యాక రెండో రోజు ఓక్ పార్క్ తీసుకెళ్తా. అందరూ అడిగేది ఒకటే, ఇక్కడ ఎవరెవరు ఉండేవాళ్ళు అని. నేనూ వరసగా చెప్పేస్తా, ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్, రచయిత హెమింగ్‌వే, మెక్‌డొనాల్డ్స్ ఆయన, టార్జాన్ రాసినాయన... మొన్న మా అన్నయ్య కూతురు వచ్చింది, ఫార్మసీలో పీజీ చేస్తోంది. రైట్ ఇంటి ముందు నిలబడి నేను ఈ లిస్టు చెప్తుంటే అంతా విని "అత్తా, కెమిస్టు పెర్సీ జూలియన్ ఇల్లు కూడా ఇక్కడే కదా, అటు వెళ్దామా" అంది. ఆ పేరు నాకు తెలుసు, ఊళ్ళో ఒక మిడిల్ స్కూలుకి ఆ పేరు ఉంది కాబట్టి. అంతకుమించి ఏమీ తెలీదు. ఇన్నేళ్ళుగా ఇంతమందికి ఈ ఊరు చూపించి ఆయన గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదే అని చాలా బాధగా అనిపించింది, ఆ రాత్రే కూర్చుని చదవడం మొదలుపెట్టా, ఈ పోస్టు అందుకే.

ముందు అందరికీ తెలిసిన వాళ్ళ సంగతి చెప్తా. రైట్ 1889లో, ఇరవై రెండేళ్ళ కుర్రాడు, తన బాస్ లూయిస్ సలివన్ దగ్గరే 5,000 డాలర్లు అప్పు తీసుకుని ఫారెస్ట్ అవెన్యూ, షికాగో అవెన్యూ కలిసే మూలలో ఇల్లు కట్టుకున్నాడు. బయట పని చెయ్యకూడదని ఒప్పందం ఉన్నా ఖర్చులకి చాలక దొంగచాటుగా వేరేవాళ్ళకి ఇళ్ళు డిజైన్ చేసి, అది బయటపడి 1893లో ఆ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ దొంగచాటు ఇళ్ళు కొన్ని ఇప్పటికీ ఆయన ఇంటికి దగ్గర్లోనే షికాగో అవెన్యూ మీద ఉన్నాయి. ఆయన ఇంట్లో పైన పిల్లల ఆటల గది ఒకటుంది, పీపాని నిలువునా సగానికి కోసి బోర్లించినట్టు పైకప్పు, కిటికీలేమో పిల్లల ఎత్తుకి తగ్గట్టు కిందకి, ఆరుగురు పిల్లల తండ్రి కదా, పిల్లల కళ్ళతో ఆలోచించాడు అనిపిస్తుంది. 1909లో అదే మనిషి ఆ ఆరుగురినీ భార్యనీ వదిలేసి, తను ఇల్లు కట్టిచ్చిన ఒకాయన భార్య మేమా చేనీతో కలిసి యూరప్ వెళ్ళిపోయాడు. అయిదేళ్ళకి విస్కాన్సిన్‌లో ఆయన కట్టుకున్న ఇంట్లో ఒక పనివాడి చేతిలో ఆవిడా, ఆవిడ ఇద్దరు పిల్లలూ, ఇంకో నలుగురూ చనిపోయారు. ఈ ఇల్లు చూసినప్పుడల్లా నాకు ఆ ఆటల గది, ఈ కథ రెండూ కలిసే గుర్తొస్తాయి.

ఊళ్ళో రైట్ కట్టిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టం యూనిటీ టెంపుల్. పాత చర్చి 1905లో పిడుగు పడి కాలిపోతే కొత్తది కట్టడానికి వాళ్ళ దగ్గర డబ్బు ఎక్కువ లేదు, అందుకని రైట్ కాంక్రీట్‌తో కట్టాడు, అప్పట్లో కాంక్రీట్ అంటే ఫ్యాక్టరీలకి గోడౌన్లకి వాడేదే, గుడికి ఎవరు వాడతారు. బయటినుంచి చూస్తే బూడిదరంగు పెట్టెలా ఉంటుంది, లోపలికెళ్తే పైనుంచి తేనెరంగు అద్దాల్లోంచి వెలుగు దిగుతూ ఉంటుంది. 2019లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

హెమింగ్‌వే 1899 జూలై 21న ఇక్కడే ఓక్ పార్క్ అవెన్యూ మీద వాళ్ళ తాతగారి ఇంట్లో పుట్టాడు, నాన్న డాక్టరు, అమ్మ సంగీతం నేర్పేది. 1917లో ఇక్కడి హైస్కూల్ అయిపోగానే పేపర్లో ఉద్యోగానికి కాన్సాస్ సిటీ వెళ్ళిపోయాడు, మరుసటేడు రెడ్‌క్రాస్ అంబులెన్స్ నడపడానికి ఇటలీ వెళ్ళి గాయపడి తిరిగొచ్చాడు. అదే హైస్కూల్లో చదివిన రే క్రాక్ కూడా వయసు అబద్ధం చెప్పి పదిహేనేళ్ళకే రెడ్‌క్రాస్ అంబులెన్స్ డ్రైవర్‌గా చేరాడు, తర్వాత 1955లో డెస్ ప్లెయిన్స్‌లో తన మొదటి మెక్‌డొనాల్డ్స్ తెరిచింది ఆయనే. బెట్టీ వైట్ ఇక్కడే పుట్టింది గానీ చిన్నప్పుడే కాలిఫోర్నియా వెళ్ళిపోయారు. టార్జాన్ రాసిన ఎడ్గర్ రైస్ బరోస్ కొన్నేళ్ళు ఉన్నాడు. అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి అమెరికన్ డాక్టర్ జోసెఫ్ కెర్విన్‌దీ ఈ ఊరే.

ఒక్క పేరు దగ్గర మాత్రం కాస్త ఆగుతా, చార్ల్స్ సిమిక్. బెల్‌గ్రేడ్‌లో యుద్ధం మధ్య పెరిగి పదహారేళ్ళకి 1954లో అమెరికా వచ్చాడు, హెమింగ్‌వే చదివిన హైస్కూల్లోనే చదువు పూర్తిచేశాడు. ఆ తర్వాత ఇంగ్లీషులోనే కవిత్వం రాసి, 2007లో ఈ దేశపు ఆస్థానకవి అయ్యాడు. వేరే భాషలో పుట్టి పెరిగి ఇక్కడికొచ్చిన మాలాంటి వాళ్ళకి ఆ హైస్కూల్ ముందు నించుంటే ఆయన గుర్తొస్తే చాలు, ధైర్యంగా ఉంటుంది.

ఇక జూలియన్. ఆయన పుట్టింది కూడా 1899లోనే, హెమింగ్‌వే కన్నా మూడు నెలల ముందు, ఏప్రిల్ 11న, అలబామాలో మాంట్‌గోమరీలో. తాతలు బానిసలుగా బతికినవాళ్ళు. ఆ ఊళ్ళో నల్లవాళ్ళ పిల్లలకి ఎనిమిదో క్లాసు దాటితే ప్రభుత్వ హైస్కూలు లేదు. ఇక్కడేమో హెమింగ్‌వేకి ఆ వయసులో స్కూల్ పేపరుంది, స్కూల్ మ్యాగజైనుంది, అన్నీ ఉన్నాయి. జూలియన్ ఇండియానాలో డీపా యూనివర్సిటీకి వెళ్ళి, ఒక పక్క కాలేజీ క్లాసులు, ఇంకో పక్క వెనకబడ్డ హైస్కూల్ పాఠాలు, రెండూ కలిపి చదువుతూ, తెల్ల కుర్రాళ్ళ హాస్టల్లో కొలిమికి బొగ్గేసే పని చేసుకుంటూ అక్కడే అటక మీద పడుకుంటూ, 1920లో మొత్తం క్లాసుకి ఫస్ట్ వచ్చాడు. హార్వర్డ్‌లో మాస్టర్స్ చేశాడు గానీ పాఠాలు చెప్పే అసిస్టెంట్ పని ఆయనకి ఇవ్వలేదు, తెల్ల విద్యార్థులు ఒప్పుకోరట. పీహెచ్‌డీకి వియన్నా వెళ్ళాల్సొచ్చింది, 1931లో అక్కడ డాక్టరేట్ వచ్చింది.

మా మేనకోడలికి ఆయన పేరు తెలిసింది ఫైసోస్టిగ్మిన్ వల్ల. ఆఫ్రికాలో దొరికే కాలబార్ గింజలో ఉండే పదార్థం అది, నీటికాసులు, అదే గ్లాకోమాకి మందుగా వాడేవాళ్ళు. దాన్ని ల్యాబ్‌లో మొదట్నించీ తయారుచెయ్యడానికి ఆక్స్‌ఫర్డ్‌లో రాబర్ట్ రాబిన్సన్ లాంటి మహామహులు ప్రయత్నిస్తున్నారు, ఈయనేమో తన కొలీగ్ యోసెఫ్ పీకల్‌తో కలిసి డీపాలో ఉండి, రాబిన్సన్ దారి తప్పు అని పేపర్లో రాసి మరీ 1935లో చేసి చూపించాడు. తప్పని తేలుంటే ఆయన కెరీర్ అక్కడితో అయిపోయేది అంది మా పిల్ల, అది చెప్తున్నప్పుడు దాని మొహం చూడాలి.

అంత చేసినా యూనివర్సిటీలో ప్రొఫెసర్ ఉద్యోగం ఇవ్వలేదు. 1936లో షికాగోలో పెయింట్లు చేసే గ్లిడెన్ కంపెనీ వాళ్ళు సోయా డివిజన్‌కి రీసెర్చ్ డైరెక్టర్‌గా పెట్టుకున్నారు. అక్కడ ఒకసారి సోయా నూనె ట్యాంకులోకి నీళ్ళు కారి అడుగున తెల్లటి ముద్ద పేరుకుంది, అందరికీ అది పాడైపోయిన నూనె, ఈయన చూసి అది స్టిగ్మాస్టెరాల్ అని, మొక్కల్లో ఉండే ఒక స్టెరాయిడ్ అని గుర్తుపట్టాడు. దాన్నించి ప్రొజెస్టరాన్ హార్మోన్ పెద్ద ఎత్తున తయారుచేసే దారి దొరికింది, గర్భం నిలవని ఆడవాళ్ళకి అప్పట్లో అది ఇచ్చేవాళ్ళు. అంతకుముందు జంతువుల నుంచి చుక్క చుక్క తియ్యాల్సొచ్చేది. కీళ్ళనొప్పులకి వాడే కార్టిజోన్ ధర తగ్గడంలో కూడా ఆయన పని ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల మీద మంటలార్పడానికి నేవీ వాడిన నురుగు కూడా ఆయన సోయా ప్రొటీన్‌తో తయారైందే.

1950లో షికాగోలో ఒక పెద్ద పేపర్ ఆయన్ని ఆ ఏటి షికాగో మనిషిగా ఎన్నుకుంది. అదే ఏడు ఆయన, ఆయన భార్య యానా, ఆవిడ కూడా సోషియాలజీలో పీహెచ్‌డీ, ఓక్ పార్క్‌లో ఈస్ట్ అవెన్యూ మీద ఇల్లు కొన్నారు. అప్పటికి ఆ ఊళ్ళో దాదాపు అందరూ తెల్లవాళ్ళే. నీళ్ళ కనెక్షన్ ఇవ్వడానికి అక్కడి అధికారి ఒప్పుకోకపోతే కోర్టుకెళ్తాం అంటే గానీ ఇవ్వలేదు. ఇంకా వాళ్ళు దిగకముందే, థాంక్స్‌గివింగ్ రోజు, ఎవరో ఇంట్లోకి చొరబడి పెట్రోలు పోసి తగలబెట్టబోయారు. అదృష్టం, ఇల్లు మొత్తం కాలలేదు. అయినా వచ్చి దిగారు. 1951 జూన్‌లో, ఆయన తండ్రి చనిపోతే భార్యాభర్తలిద్దరూ అంత్యక్రియలకి వెళ్ళారు, పిల్లలిద్దరూ ఇంట్లో ఉన్నారు, ఆ రాత్రి కార్లో వచ్చి డైనమైట్ విసిరారు. అది పిల్లల కిటికీ బయట పడి పేలింది. పిల్లాడికి పదకొండేళ్ళు కూడా ఉండవు, పాపకి ఏడు. ఇద్దరికీ ఏమీ కాలేదు.

తర్వాత కొన్నాళ్ళు తండ్రీ కొడుకూ రాత్రిళ్ళు ఇంటి ముందు చెట్టెక్కి తుపాకి పట్టుకుని కాపలా కూర్చునేవాళ్ళట. కొడుకు పెద్దయ్యాక ఆ సంగతి చెప్తూ, నాన్నతో అంతసేపు గడిపింది ఆ చెట్టు మీదే అన్నట్టు గుర్తుచేసుకున్నాడు, అది చదివి నేను చాలాసేపు ఏమీ చెయ్యలేకపోయా. ఎన్నో ఇళ్ళల్లో గర్భాలు నిలబడ్డం వెనక ఉన్న మనిషి తన పిల్లల కోసం చెట్టెక్కి కూర్చోవాల్సొచ్చింది.

అదే సమయంలో అదే ఊరికి దక్షిణం వైపు మాఫియా పెద్ద శామ్ జియాంకానా హాయిగా ఉన్నాడు, 1940ల్లోనే వచ్చి ఇటుకల ఇల్లు కొనుక్కుని. ఆయన ఇంటికి ఇరుగుపొరుగు నిప్పు పెట్టలేదు. 1975 జూన్ 19న బేస్‌మెంట్‌లో వంట చేసుకుంటుంటే ఎవరో కాల్చి చంపారు, ఎవరో ఇప్పటిదాకా తేలలేదు. జూలియన్ దానికి సరిగ్గా రెండు నెలల ముందు, ఏప్రిల్ 19న, కాన్సర్‌తో పోయారు. ఊరి ప్రముఖుల పేర్లు ఇంగ్లీషు అక్షరక్రమంలో రాస్తే ఇద్దరూ ఒకే లిస్టులో దగ్గర దగ్గరగా వచ్చేస్తారు, జి తర్వాత కొంచెం దూరంలో జె. నాకు అలాంటి లిస్టుల మీద ఇప్పుడు కోపం.

అయితే ఊరంతా డైనమైట్ విసిరినవాళ్ళే అనుకుంటే అదీ తప్పే. ఆ దాడుల తర్వాత వాళ్ళకి తోడుగా నిలబడ్డ పొరుగువాళ్ళు చాలామంది ఉన్నారు, సభలు పెట్టారు. జూలియన్ కుటుంబం ఊరు వదల్లేదు, ఆయన పోయేదాకా ఆ ఇంట్లోనే. 1968లో ఇళ్ళ అమ్మకాల్లో అద్దెల్లో రంగు చూడకూడదని విలేజ్ బోర్డు సొంతంగా చట్టం చేసింది. అప్పుడు ఊరికి తూర్పు సరిహద్దు ఆస్టిన్ బులవార్డ్‌కి అవతల షికాగో వైపు, నల్లవాళ్ళు వచ్చేస్తున్నారు అమ్మేసుకోండి అని ఏజెంట్లు భయపెట్టి వీధులకి వీధులు ఖాళీ చేయిస్తున్నారు. ఇక్కడ అలా కాకూడదని 1972లో ఇళ్ళ ముందు ఫర్ సేల్ బోర్డులే వద్దన్నారు, ఒకటి చూసి ఇంకొకరు కంగారుపడి అమ్ముతారని. బాబీ రేమండ్ అనే ఆవిడ అదే ఏడు హౌసింగ్ సెంటర్ పెట్టి, ఇల్లు వెతుక్కునేవాళ్ళని రంగు చూసి ఒకే వైపుకి నెట్టకుండా ఊరంతా తిప్పి చూపించే ఏర్పాటు చేసింది. 1975లో కొత్త విలేజ్ హాల్ కట్టినప్పుడు ఊరి మధ్యలో కాకుండా ఆ తూర్పు అంచు దగ్గరే కట్టారు, మేం ఇక్కణ్ణించి పారిపోవట్లేదు అని చెప్పడానికి. ఇది నాకు బాగా నచ్చింది. పూర్తిగా సరైపోయిందని కాదు, ఇళ్ళ ధరలు, పన్నులు చూస్తే ఇప్పుడు అక్కడ ఎవరు కొనగలరన్నది వేరే ప్రశ్న.

మర్నాడు నేనూ మా పిల్లా మళ్ళీ వెళ్ళాం. రైట్ ఇంటి దగ్గర మొదలెట్టి షికాగో అవెన్యూ పట్టుకుని తూర్పుకి నడిచాం, మధ్యలో ఓక్ పార్క్ అవెన్యూ దాటుతుంటే కుడిచేతి వైపు కొంచెం కిందకి హెమింగ్‌వే పుట్టిన ఇల్లు, అక్కణ్ణించి ఇంకొన్ని వీధులు దాటితే ఈస్ట్ అవెన్యూ. నెమ్మదిగా నడిచినా పావుగంట. అది ఎవరో ఒకరి సొంత ఇల్లు కాబట్టి తలుపు కొట్టకూడదు, ఫోటోలు కూడా మేం తియ్యలేదు, మీరు వెళ్తే మీరూ రోడ్డు మీంచే చూడండి. మా పిల్ల ఇల్లు కన్నా ఎక్కువసేపు చెట్లకేసి చూసింది, ఏ చెట్టయ్యుంటుంది అత్తా అని. డెబ్బై ఏళ్ళు దాటింది, ఆ చెట్టు ఇంకా ఉందో లేదో. అయినా ఇద్దరం అక్కడున్న పెద్ద చెట్లన్నీ ఒక్కొక్కటీ చూశాం, కొమ్మ ఎక్కడుంటే ఇద్దరు కూర్చోగలరు, ఎక్కణ్ణించి రెండు వైపులా రోడ్డు కనపడుతుంది అని.