వంటింట్లో బటన్, దొడ్లో మోటారు

మాది రాజోలు వైపు. బోరు మోటారు స్టార్టర్ ఇంటి వెనక కొబ్బరి చెట్ల మధ్య రేకుల షెడ్డులో ఉంటుంది. ట్యాంకు ఖాళీ అయినప్పుడల్లా అమ్మ మోకాళ్ల నొప్పులతో అక్కడిదాకా నడవాలి. చీకటి పడితే పాముల భయం వేరే. వంటింటి గోడకి తగిలించే వైర్లెస్ బటన్ ఒకటి చేసి పెడదామనుకున్నాను. రెడీమేడ్ రిమోట్లు దొరుకుతాయి, కాదనను. కానీ మా ఇంట్లో లైట్లు ఇప్పటికే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, ఇంటి పరికరాల్ని నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తున్నాయి. ఇదీ అందులోకే రావాలని నా పంతం.

బటన్‌లోకి ఈఎస్‌పీ8266 అనే చిప్పు తీసుకున్నాను. చవక, వైఫై ఉంది. చిక్కంతా బ్యాటరీతోనే. డీప్ స్లీప్‌లో, అంటే పని లేనప్పుడు గాఢనిద్రలో, ఈ చిప్పు వాడుకునేది సుమారు 20 మైక్రోఆంపియర్లు. పెన్సిల్ సెల్స్ 2,500 ఎంఏహెచ్ అనుకుంటే, కాగితం మీద పదేళ్లు దాటాలి. ఈ చిప్పు బిగించి వచ్చే నోడ్‌ఎంసీయూ బోర్డు మీద మాత్రం పట్టుమని పక్షం రోజులు రాలేదు. మల్టీమీటర్ పెట్టి చూస్తే సంగతి తెలిసింది. చిప్పు పడుకున్నా బోర్డు మేలుకునే ఉంది. దాని మీదున్న రెగ్యులేటర్, యూఎస్‌బీ చిప్పు కలిసి మిల్లీఆంపియర్ల లెక్కన లాగేస్తున్నాయి. కోడ్ ఎంత దిద్దినా దీనికి మందు లేదు. అందుకే బోర్డు పక్కన పెట్టి, అదే చిప్పున్న ఉత్త ఈఎస్‌పీ-12ఎఫ్ మాడ్యూల్‌కి రెండు ఆల్కలైన్ సెల్స్ నేరుగా కలిపాను. 3.6 వోల్టులు దాటకూడదు కాబట్టి రెండే. రేడియో ఆన్ అయ్యే క్షణంలో 300 మిల్లీఆంపియర్లు దాటి లాగుతుంది, అప్పుడు వోల్టేజ్ పడిపోకుండా పక్కనే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాను. సీఆర్2032 బిళ్ల సెల్ అయితే పెట్టె చిన్నదయ్యేది గానీ, అంత కరెంటు అది ఇవ్వలేదు.

బటన్‌ని రీసెట్ పిన్నుకే కలిపాను. నొక్కితే చిప్పు లేస్తుంది, కబురు పంపి మళ్లీ పడుకుంటుంది. రౌటర్‌కి కనెక్ట్ అయి పంపాలంటే నాలుగైదు సెకన్లు పడుతోంది. ఆ లోపు అమ్మ ఇంకో రెండుసార్లు నొక్కేస్తోంది! అందుకని ఈఎస్‌పీ-నౌ అనే పద్ధతికి మారాను. ఇందులో రౌటర్‌తో పని లేదు, షెడ్డులోని ఇంకో ఈఎస్‌పీకి నేరుగా చేరుతుంది, నొక్కీ నొక్కగానే. ఒక్క షరతు: రెండూ ఒకే వైఫై ఛానల్ మీద ఉండాలి. షెడ్డులోది రౌటర్‌కి కూడా కనెక్ట్ అయి ఉంటుంది కాబట్టి, రౌటర్‌లో ఆటో ఛానల్ తీసేసి ఒక నంబర్ ఖాయం చేశాను. షెడ్డు ఈఎస్‌పీలో వైఫై పవర్ సేవ్ కూడా ఆపేయాలి, లేదంటే కొన్ని నొక్కులు గాలికి పోతాయి.

ఒకసారి నొక్కితే ఆన్, మళ్లీ నొక్కితే ఆఫ్ అనే పద్ధతి మోటారుకి పనికిరాదని నా అభిప్రాయం. పడిందో లేదోనని రెండోసారి నొక్కితే ఆగిపోతుంది. అందుకే ఎన్నిసార్లు నొక్కినా అర్థం ఒకటే: ఇప్పట్నుంచి ఇరవై నిమిషాలు ఆడు. ముందే కట్టెయ్యాలంటే ఫోన్లో ఉంది. కబురు అందితే బటన్ మీద పచ్చ లైటు ఒకసారి మెరుస్తుంది.

"ఇది వెలిగితే మోటారు ఆడుతున్నట్టేనా నాన్నా?" అంది అమ్మ.

"కబురు చేరినట్టమ్మా. మోటారు సంగతి చప్పుడు చెప్తుంది."

షెడ్డులో కరెంటు పని మా ఎలక్ట్రీషియన్ బాబాయి చేతికే ఇచ్చాను. ఈఎస్‌పీ చెప్పినట్టు కరెంటు కలిపి తెంచడానికి నేను తెచ్చిన చిన్న స్విచ్చు, అదే రిలే, చూసి, "మోటారు లేచేటప్పుడు దీని పాయింట్లు అతుక్కుపోతాయి బాబూ, ఇంక ఆగదు" అని మోటారు కరెంటుని తట్టుకునే పెద్ద స్విచ్చు, కాంటాక్టర్, తెప్పించాడు. రిలే ఆ కాంటాక్టర్ కాయిల్‌కి మాత్రమే కరెంటు ఇస్తుంది. కరెంటు పోయి వచ్చినా మోటారు దానంతటది లేవదు.

పెట్టెకి సబ్బు డబ్బా వాడాను. మాకు సముద్రపు గాలి కదా, సెల్స్ స్ప్రింగులకి వానాకాలంలోనే పచ్చగా చిలుము పట్టింది. గీకి వాజెలిన్ రాశాను, మళ్లీ పట్టలేదు. నొక్కిన ప్రతిసారీ సెల్స్ వోల్టేజ్ కూడా కలిపి పంపుతుంది, 2.7కి దిగితే నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది.

ట్యాంకు నిండగానే ఆగేలా చెయ్యమంటున్నారు నాన్న. దానికి బ్యాటరీ గొడవ లేదు, కాంటాక్టర్ కాయిల్ వైరులో, నీళ్లు నిండితే తేలి కరెంటు తెంచే ఫ్లోట్ స్విచ్ కలిపితే చాలు. బాబాయికి తీరిక దొరకాలి.