ముందు కాలుడికి మొక్కాలె

బాపు బొక్కలు, అంటే అస్థికలు, నదిలో కలిపి పదమూడు నెలలైంది. అప్పుడు మైలలో ఉన్నాం కాబట్టి కాళేశ్వరం దాకా వచ్చి కూడా గుడి గడప తొక్కలేదు. తమ్ముడు త్రివేణిలో కుండ వదిలాడు, తడిబట్టలతోనే వెనక్కి తిరిగాం. సంవత్సరీకం అయ్యాక అమ్మే అన్నది, "ఇగ దేవుణ్ణి సూసొద్దాం బిడ్డా" అని.

తెల్లారకముందే హనుమకొండలో బయల్దేరాం. పరకాల, భూపాలపల్లి, కాటారం, మహదేవపూర్. భూపాలపల్లి దాకా బొగ్గు లారీలు, అక్కడి నుంచి అడవి. అమ్మ ఒళ్ళో ఒక నీళ్ళ సీసా ఉంది. దూపైతుందని తమ్ముడు చెయ్యి చాపితే ఇవ్వలేదు. "అది తాగెటందుకు కాదు" అన్నది, అంతే.

ముందు స్నానం. వార్ధా, వైన్‌గంగా కలిసి ప్రాణహితై వచ్చి ఇక్కడే గోదావరిలో కలుస్తుంది. గోదావరికి ఇంతకన్నా పెద్ద ఉపనది లేదు. అవతలి ఒడ్డు మహారాష్ట్ర, సిరొంచ. కంటికి కనిపించేవి రెండు నదులే, మూడోది సరస్వతి, అంతర్వాహిని. అందుకే ఈ ఊరికి మూడు నదుల పుష్కరాలూ వస్తాయి: 2015 జులైలో గోదావరికి, 2022 ఏప్రిల్‌లో ప్రాణహితకు, 2025 మేలో సరస్వతికి.

గోదావరి పుష్కరాలకు బాపే మమ్మల్ని తీసుకొచ్చాడు. ఆ జనంలో మా చేతులు వదలకుండా నీళ్ళలోకి దింపి, తర్వాత తాత పేరు చెప్పి నువ్వులూ నీళ్ళూ వదిలాడు. ఈసారి తమ్ముడు గోత్రం చెప్పి, బాపు పేరు దగ్గర ఆగిపోయాడు. అయ్యగారు తొందరపెట్టలేదు. మంత్రం ఆపి, వాడి దోసిట్లో ఇంకొన్ని నువ్వులు వేసి, వాడు పేరు పలికేదాకా నది వైపు చూస్తూ నిల్చున్నారు. ఆయనకు నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఒడ్డు మీద ఆడవాళ్ళు పసుపు, కుంకుమ, జాకెట్ గుడ్డలు చాటల్లో పెట్టి వాయనాలిచ్చుకుంటున్నారు. అమ్మ తనే పక్కకు జరిగింది. ఈ ఒక్క ఆచారం నా మనసుకు ఎప్పటికీ ఎక్కదు. నేను వాయనం ఇయ్యకుండా వెళ్ళి అమ్మ పక్కన నిలబడ్డాను.

కాళేశ్వర ముక్తీశ్వరుల గర్భగుడికి నాలుగు దిక్కులా ద్వారాలు. లోపల ఒకే పానవట్టం మీద రెండు లింగాలు: కాళేశ్వరుడు యముడు, ముక్తీశ్వరుడు శివుడు. ముక్తీశ్వరుణ్ణి చూసినవాళ్ళందరికీ ముక్తి దొరుకుతుంటే యమలోకానికి వచ్చేవాళ్ళే లేకుండా పోయారట. యముడు వెళ్ళి మొరపెట్టుకుంటే, శివుడు తన పక్కనే చోటిచ్చి, ముందు నీకు మొక్కి తర్వాతే నాకు మొక్కాలన్నాడట. ఇప్పటికీ పూజ ఆ వరసలోనే.

"మీ బాపును తీస్కపోయినాయనకే ముందు మొక్కాల్నా?" అమ్మ నా చెవిలో అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వెనక వరస కదులుతోంది. అమ్మ మాత్రం కాళేశ్వరుడి ముందు కదలకుండా నిలబడింది. చివరికి చేతులు జోడించి, పక్కింటాయనకు చెప్పినట్టు చెప్పింది: "పెయ్యి సల్లగుంటె తట్టుకోడు. మంచిగ సూస్కో అయ్యా."

ముక్తీశ్వర లింగానికి రెండు రంధ్రాలున్నాయి, నాసికలంటారు. ఎన్ని నీళ్ళు పోసినా పొంగవు, అవి లోలోపలే పోయి సంగమంలో కలుస్తాయని నమ్మకం. అయ్యగారు అదే మాట చెబుతుంటే అమ్మ కొంగు చాటు నుంచి సీసా తీసింది. అప్పుడర్థమైంది నాకు. మా ఇంటి చేదబాయి నీళ్ళు. ఏ ఊరెళ్ళినా ఇంటికి రాగానే బాపు ముందు అడిగేది అవే.

అయ్యగారు మూత తీసి పోశారు. అమ్మ వంగి, ఆఖరి చుక్క దిగేదాకా చూసింది. ఖాళీ సీసాకు మూత బిగించి సంచిలో పెట్టుకున్నది.