వీపు మీద మొటిమలు: డీప్ నెక్ మానేసే ముందు ఒక మాట

మాఘమాసం ముహూర్తాలకు బ్లౌజులు కుట్టించుకునేవాళ్లు కార్తీకంలోనే వచ్చేస్తారు. కొలతలకని టేపు వీపు మీదికి తేగానే కొంతమంది అమ్మాయిలు బిగుసుకుపోతారు. ఫోన్లో చూపించిన డిజైన్‌కి వెనక డీప్ నెక్, డోరీలు, లట్కన్లు అన్నీ ఉంటాయి. నోటితో మాత్రం “అక్కా, వెనక నెక్ కాస్త పైకి పెట్టండి” అంటారు. ఎందుకమ్మా అంటే గొంతు తగ్గించి “మొటిమలక్కా” అంటారు.

రాజమండ్రిలో చాలా ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్నాను. ఈ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే నా ఇరవైల్లో నేనూ హై నెక్ బ్లౌజులతోనే గడిపాను. దీనికి మందుందని నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. నేను డాక్టర్ని కాదు. స్కిన్ డాక్టర్ దగ్గర విన్నవి, తర్వాత చదివి తెలుసుకున్నవి, నా వీపు మీద పనిచేసినవి ఇక్కడ రాస్తున్నాను.

వీపు మొటిమలు మురికి వల్ల రావు. ఈ మాట ముందు మన ఇళ్లల్లో పెద్దవాళ్లకి చెప్పాలి. వీపు పైభాగంలో నూనె గ్రంథులు ఎక్కువ. ఆ నూనె, చనిపోయిన చర్మకణాలు కలిసి రోమరంధ్రాన్ని మూసేస్తాయి. లోపల క్యూటిబ్యాక్టీరియం యాక్నెస్ అనే బ్యాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. అది లోపల జరిగే పని కాబట్టి బీరపీచుతో పైన ఎంత తోమినా పోదు. పైగా మొటిమ చితికి మచ్చ పడుతుంది. పెళ్లికి నలుగు పెట్టడం మన ముచ్చట, దాన్ని వద్దనను. మొటిమలున్న చోట రుద్దకుండా పైపైన రాసి కడిగేయమని పిన్నులకీ అత్తలకీ ముందే చెప్పుకోండి.

ఇక మందుల్లో నాకు బాగా గురి కుదిరింది బెంజాయిల్ పెరాక్సైడ్ మీద. ఇది చర్మంలో ఆక్సిజన్‌ని విడుదల చేస్తుంది. ఆ బ్యాక్టీరియా దాన్ని తట్టుకోలేదు. యాంటీబయాటిక్స్‌కి అలవాటు పడినట్టు బ్యాక్టీరియా దీనికి అలవాటు పడదు. అందుకే క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్ రాసినా, దాన్ని ఒక్కదాన్నే వాడించకుండా డాక్టర్లు దీన్ని జత చేస్తారు. మెడికల్ షాపుల్లో 2.5 శాతం, 5 శాతం జెల్స్ దొరుకుతాయి. ఎక్కువ శాతం ఉంటే ఎక్కువ పనిచేస్తుందని అనుకోకండి. 2.5 శాతం కూడా దాదాపు 10 శాతమంత పనిచేస్తుంది, మంట మాత్రం తక్కువ. స్నానానికి ముందు వీపుకి పల్చగా రాసి, ఐదు నిమిషాలుంచి కడిగేసుకుంటే చాలామందికి సరిపోతుంది. తలస్నానం రోజైతే షాంపూ, కండిషనర్ పని ముందు ముగించి, జుట్టు పైకి చుట్టి క్లిప్ పెట్టుకుని, ఆ తర్వాతే వీపు కడుక్కోవాలి. కండిషనర్ జిడ్డు వీపు మీద ఉండిపోకూడదు.

చేయి అందని చోటు ఎలా అని అందరూ అడుగుతారు. లైనింగ్ కోసం తెచ్చిన మెత్తటి తెల్ల కాటన్ గుడ్డని రెండు జానల వెడల్పు, బారెడు పొడవు ముక్కగా కోస్తాను. మధ్యలో జెల్ రాసి, ఒక చేయి భుజం మీదుగా, ఒక చేయి నడుం దగ్గర పెట్టి నెమ్మదిగా అటూ ఇటూ లాగితే వీపు మధ్యకంతా అంటుతుంది. గట్టిగా లాగకండి. తర్వాత ఆ గుడ్డని ఉతికి ఎండలో ఆరేయాలి.

ఆ గుడ్డ తెల్లదే ఎందుకంటే ఈ మందు రంగుని తినేస్తుంది. ఒకసారి ఒకావిడ మెరూన్ పట్టు బ్లౌజు తెచ్చి చూపించారు. వెనక నెక్ అంచు పొడవునా నారింజ రంగు చుక్కలు. కడగకుండా వదిలేసిన జెల్ చెమటతో కలిసి పట్టులోకి దిగింది. అది మరక కాదు, అద్దకం రంగే పోయింది. డ్రైక్లీనింగ్‌కి ఇచ్చినా తిరిగి రాదు. చివరికి ఆ అంచు మీద మగ్గం వర్క్ బుటాలు వేయించి కప్పాం. జెల్ వాడినన్నాళ్లు తెల్ల తువ్వాలు, తెల్ల దిండు గలీబు, రాత్రికి పాత తెల్ల బనియను పెట్టుకోండి. ట్యూబుని కూడా ఎండ తగిలే కిటికీలోనో, స్కూటీ డిక్కీలోనో వదిలేయకండి. బెంజాయిల్ పెరాక్సైడ్ వేడికి విడిపోయి, క్యాన్సర్ తెచ్చే బెంజీన్ అనే రసాయనం ఏర్పడుతుందని 2024లో అమెరికాలో పెద్ద చర్చ జరిగింది. 2025లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షలు చేయించి, ఎక్కువ ఉత్పత్తుల్లో అది లేదని లేదా అతి స్వల్పంగా ఉందని చెప్పి, కొన్నింటిని వెనక్కి తీయించింది. మన మే నెల ఎండలకి ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

ఎర్రగా, చీముతో కాకుండా చిన్న చిన్న గరుకు పొక్కులు, నల్లచుక్కలు ఉన్నవాళ్లకి సాలిసిలిక్ యాసిడ్ మంచిది. నూనెలో కరిగే గుణం ఉంది కాబట్టి రంధ్రం లోపలికి దిగి పేరుకున్నదాన్ని వదులు చేస్తుంది. 2 శాతం బాడీ వాష్‌లు, స్ప్రేలు దొరుకుతున్నాయి. బెంజాయిల్ పెరాక్సైడ్, ఇది రెండూ మొదటి రోజే మొదలుపెట్టి వీపంతా పొట్టు రేపుకోకండి. ఒకటి అలవాటయ్యాకే రెండోది.

అడపలీన్ గురించి పెళ్లికూతుళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. రంధ్రం మూసుకుపోకుండా చేసే మందు ఇదే, మళ్లీ మళ్లీ రాకుండా ఆపేదీ ఇదే. 0.1 శాతం జెల్‌ని అమెరికాలో 2016 నుంచి చీటీ లేకుండా అమ్ముతున్నారు కానీ మనం డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి. గర్భంతో ఉన్నవాళ్లు, పెళ్లవగానే పిల్లలు కావాలనుకునేవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. ఫలితం కనపడటానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మొదట్లో ఇంకాస్త ఎక్కువైనట్టు కూడా అనిపిస్తుంది. అందుకే ముహూర్తానికి పది రోజుల ముందు వచ్చి అడిగితే నా దగ్గర జవాబు ఉండదు. కార్తీకంలో మొదలుపెట్టినవాళ్లకి మాఘానికి తేడా తెలుస్తుంది. ఇంకో మాట, పెళ్లి ముందు బ్యాక్ వ్యాక్సింగ్ చేయించుకుంటారుగా, ఈ జెల్ వాడుతున్న చర్మం వ్యాక్స్‌తో పాటు లేచి వచ్చే ప్రమాదం ఉంది. ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టర్‌ని అడగండి, పార్లర్‌లో అమ్మాయికి కూడా చెప్పండి. అప్పటికి వీపు ఎలా ఉంటుందో ముందే తెలియదు కాబట్టి, వర్క్ లేని బ్లౌజైతే నెక్ పైకి ఉంచి కత్తిరిస్తాను. ట్రయల్ రోజున కావాలంటే కిందికి దించవచ్చు.

గోదావరి గాలి చెమ్మకి మా దగ్గర ఇంకో రకం చాలా ఎక్కువ. అన్నీ ఒకే సైజులో, ఆవగింజంత పొక్కులు, వాటితోపాటు దురద. ఇవి మొటిమల్లా ఉంటాయి కానీ మలస్సీజియా అనే ఫంగస్ వల్ల వస్తాయి. మొటిమలనుకుని యాంటీబయాటిక్ మింగితే ఇంకా పెరుగుతాయి. డాక్టర్ చూసి అదేనని చెబితే కీటోకోనజోల్ షాంపూని వీపుకి రాసి కాసేపుంచి కడగమంటారు. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురికి ఏళ్ల తరబడి తగ్గనివి దీంతోనే తగ్గాయి. దురద ఉందా లేదా అన్నది మొదట చూసుకోవాల్సిన గుర్తు.

అన్నిటికంటే కోపం తెప్పించేది కౌంటర్ మీద చేతిలో పెట్టే “మిక్స్ క్రీమ్”. ఒకమ్మాయికి ఒక మెడికల్ షాపులో అలాగే ఇచ్చారు. వారం రోజులు నున్నగా అయింది, ఆపగానే వీపంతా ఎర్రగా పేలింది. ట్యూబ్ మీద చూస్తే క్లోబెటాసోల్. అది స్టెరాయిడ్. ఇలాంటి క్రీములని 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. బీటామెథాసోన్, మోమెటాసోన్ అన్న పేర్లు కనపడినా తిరిగిచ్చేయండి.

బట్ట సంగతి నేను గట్టిగా చెప్పగలను. పాలియెస్టర్ క్రేప్ లైనింగ్ చెమట పీల్చదు, వీపుకి అతుక్కుపోయి రాపిడి పెడుతుంది. పలచటి కాటన్ లైనింగే వేయించుకోండి, పది ఇరవై రూపాయలు ఎక్కువైనా. మగ్గం వర్క్ బ్లౌజుని తిరగేసి చూడండి, జరీ ముళ్లు, పూసల దారం కొసలు గుచ్చుకునేలా ఉంటాయి. వర్క్ వెనక కూడా లైనింగ్ పూర్తిగా కప్పమని టైలర్‌ని అడగాలి. హుక్స్ దగ్గర ఒక వేలు దూరేంత వదులు ఉండాలి. కాలేజీ బ్యాగు, జిమ్ టీషర్ట్ చేసేదీ ఇదే రాపిడి. చెమట బట్టలు ఆరబెట్టుకుంటూ కూర్చోకుండా వెంటనే మార్చుకోండి. ఇక కొబ్బరి నూనె. తలకి పెట్టుకుని జడ వీపు మీద వదిలేస్తే ఆ నూనె రోజంతా అక్కడే రాసుకుంటుంది. కొబ్బరి నూనె రంధ్రాలని మూసే రకం. రాత్రి నూనె పెడితే జుట్టు ముడి వేసుకుని, గలీబు తరచూ మార్చండి.

మొటిమ పోయాక మిగిలే గోధుమ, నలుపు మచ్చలని చూసి మందు పనిచేయలేదని ఆపేసేవాళ్లు ఉన్నారు. మన రంగు చర్మానికి అవి నెలల పాటు ఉంటాయి, తర్వాత వాటంతట అవే పలచబడతాయి. అజిలైక్ యాసిడ్, నియాసినమైడ్ ఆ పనిని కాస్త తొందర చేస్తాయి. డీప్ నెక్ వేసుకుని ఎండలోకి వెళ్తే అక్కడ కూడా సన్‌స్క్రీన్ రాయాలి. గిల్లడం మాత్రం అసలు వద్దు. వీపు మీద గాయం ఉబ్బెత్తు మచ్చగా మారే అవకాశం ముఖం కంటే ఎక్కువ.

లోతుగా గడ్డలు కట్టి నొప్పి పెడుతున్నా, నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా, మూడు నెలలు సరిగ్గా వాడినా తగ్గకపోయినా ఈ జెల్స్‌తో కాలం గడపకండి. అప్పుడు స్కిన్ డాక్టర్ చేతికి పని అప్పగించాలి. ఐసోట్రెటినోయిన్ లాంటి మాత్రలు ఆయన చూసి ఇవ్వాల్సినవే. గర్భంలో బిడ్డకి తీవ్రమైన హాని చేసే మందది, స్నేహితురాలి దగ్గర మిగిలిపోయిన స్ట్రిప్ తెచ్చుకుని మింగకండి. వెళ్లేటప్పుడు ఇప్పటివరకు వాడిన ట్యూబులన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. అట్టపెట్టెలు పారేసినా ఫర్వాలేదు, ట్యూబ్ మీద మందు పేరు కనపడితే చాలు.