ముడుపులో ఐదు వందల నోట్లు

"అన్నీ వందలేనా అమ్మా? అరవై వేలూ?" తెనాలిలో మా బ్యాంకు క్యాషియర్ రెండుసార్లు అడిగాడు. అన్నీ వందలే, ఆరు కట్టలు. 2023 దసరాకి అమ్మనీ పెద్దమ్మనీ నేపాల్లో ఉన్న ముక్తినాథ్ గుడికి తీసుకెళ్తున్నాను. నేపాల్లో మన రూపాయి చెల్లుతుందని అందరికీ తెలుసు. వంద దాటిన నోటు చెల్లదని మాత్రం అప్పట్లో చాలామందికి సరిహద్దు దాకా వెళ్లాకే తెలిసేది.

2016 నవంబరులో మన దగ్గర పాత ఐదు వందలు, వెయ్యి నోట్లు రద్దయినప్పుడు నేపాలీల ఇళ్లలో ఉన్నవి చాలావరకు ఇళ్లలోనే ఉండిపోయాయి. మన ఊళ్లలో కాపలా కాసి, హోటళ్లలో గిన్నెలు తోమి కూడబెట్టిన డబ్బు కూడా అందులో ఉంది. రెండేళ్ల తర్వాత, 2018 డిసెంబరులో, కొత్త రెండు వందలు, ఐదు వందలు, రెండు వేల నోట్లు కూడా వద్దని ఆ ప్రభుత్వం తేల్చేసింది. వాళ్లని తప్పు పట్టబుద్ధి కాలేదు నాకు. ఇది మేం వెళ్లిన నాటి మాట. ఇప్పుడు వెళ్లేవాళ్లు బ్యాంకులో ఒకసారి కనుక్కుని బయల్దేరండి.

కట్టలు ఎక్కడ పెట్టాలా అని నేను ఆలోచిస్తుంటే అమ్మ మాట్లాడకుండా కుట్టుమిషను ముందు కూర్చుంది. లంగాలకి లోపలివైపు జేబులు కుట్టి ప్రెస్ బటన్లు పెట్టింది. మనిషికి రెండు కట్టలు. ఒకరి సామాను పోయినా మిగతా ఇద్దరి దగ్గర దారి ఖర్చు ఉంటుంది. నా కార్డుకి విదేశీ వాడకం కూడా బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకున్నాను. నేపాల్ మనకి పక్కిల్లే అయినా కార్డుకి విదేశమే.

విజయవాడలో రప్తీసాగర్ రైలు ఎక్కి గోరఖ్‌పూర్‌లో దిగాం. అక్కణ్ణించి సరిహద్దు ఊరు సునౌలీకి వెళ్లే బస్సులో పెద్దమ్మ తన చేతిసంచిలోంచి పసుపుగుడ్డ మూట తీసింది. ముక్తినాథుడి హుండీలో వెయ్యమని చుట్టాలూ ఇరుగుపొరుగూ ఇచ్చిన ముడుపు అది. ముడి విప్పి చూస్తే తొమ్మిది ఐదు వందల నోట్లు.

"పెద్దమ్మా, ఇవి అక్కడ చెల్లవు. వందలు చేసుకోవాలి."

"దేవుడికని చేతిలో పెట్టిన నోట్లే. మార్చడమేంటి? రేపు వాళ్లకి నేనేం చెప్పను?"

నా దగ్గర జవాబు లేదు. నిబంధన గురించి చెప్పగలను గానీ, తొమ్మిది మంది నమ్మకం ఆవిడ చేతిలో ఉంది. కాసేపటికి అమ్మే అంది: "అక్కా, ఈ నోటు అక్కడ దీపంలోకి నూనె కూడా తేలేదు. అలాంటిది వెయ్యమని వాళ్లు నీకిచ్చారా?" పెద్దమ్మ కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ చాలాసేపు ఊరుకుంది. బస్సు దిగేముందు నా దగ్గర కాగితం అడిగి తీసుకుని, ఎవరెవరిచ్చారో తొమ్మిది పేర్లూ గోత్రాలతో సహా రాసింది. సరిహద్దుకి ఇవతలే ఒక బట్టల కొట్టాయన నలభై అయిదు వంద నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. అవి మళ్లీ అదే పసుపుగుడ్డలో ముడిపడ్డాయి, పేర్ల కాగితంతో పాటు.

అవతల భైరహవాలో "సటహీ" అని బోర్డు ఉన్నచోట రెండు కట్టలు మార్చుకున్నాం. మన వంద వాళ్ల నూట అరవై. 1993 నుంచీ అదే లెక్క. మన డబ్బుని ఐసీ అంటారు, వాళ్లది ఎన్‌సీ. ఎవరు ఏ ధర చెప్పినా ముందు అడగాల్సింది "ఐసీయా, ఎన్‌సీయా" అని. జీపువాడు ఎనిమిది వందలన్నాడంటే ఎన్‌సీలో అది మన ఐదు వందలే. అమ్మ నోట్లని బొమ్మలతో గుర్తుపెట్టుకుంది: ఏనుగు వెయ్యి, పులి ఐదు వందలు, ఖడ్గమృగం వంద. పోఖరా చేరేసరికి కూరగాయలామెతో "ఒక ఖడ్గమృగం ఇస్తా" అని బేరం కూడా చేసేసింది, తెలుగులోనే.

పోఖరాలో దశైన్. వాళ్ల దసరా అది, బ్యాంకులకి వరసగా సెలవులు. మొదటి ఏటీఎంలో డబ్బు లేదు. రెండోది కార్డు వెనక్కి తోసింది. మూడోది ఇచ్చింది గానీ తీసిన ప్రతిసారీ వాళ్ల ఐదు వందలు ఛార్జీ అంది. అందుకని కొంచెం కొంచెం కాకుండా ఒక్కసారే తీశాను. అన్నపూర్ణ ప్రాంతానికి అనుమతి పత్రం కావాలి. మన లాంటి సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాల వాళ్లకి అప్పుడు మనిషికి వెయ్యి ఎన్‌సీ. ముగ్గురికీ మూడు ఏనుగులు కట్టాం.

జోమ్‌సోమ్‌కి విమానం పొద్దున్నే. ఎండ ఎక్కేకొద్దీ కాళీగండకి లోయలో గాలి లేస్తుంది, ఇక ఏదీ ఎగరదు. అక్కణ్ణించి జీపులో రాణీపౌవా, ఆపైన గుడికి మెట్లు. మూడువేల ఏడువందల మీటర్లు దాటిన ఎత్తు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. పెద్దమ్మ నూటెనిమిది ధారల కిందా తల వంచి నడిచింది. నీళ్లు కత్తుల్లా ఉన్నాయి, నేను సగంలో ఆగిపోయాను. తడిబట్టలు మార్చుకుని హుండీ ముందు నిలబడి ముడుపు విప్పింది. ఒక పేరు, ఒక గోత్రం, ఐదు నోట్లు. ఊపిరి తీసుకోవడం. మళ్లీ ఒక పేరు. వెనక వరసలో ఉన్నవాళ్లెవరూ తొందరపెట్టలేదు. తొమ్మిదో పేరు మా పెదనాన్నది. ఆయన పోయి మూడేళ్లయింది. ఆ నోటు ఎవరిచ్చారని నేను అడగలేదు.

మర్నాడు పోఖరాలో మబ్బు వల్ల జోమ్‌సోమ్‌కి విమానం రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రెండు రాత్రుల గది, భోజనాలు, జీపులో కిందికి దిగే ఖర్చు లెక్కేస్తే నా ఎన్‌సీ చాలలేదు. బస ఇచ్చినామె ఐసీ వందలు చూసి నవ్వి, నూటికి నూట అరవై చొప్పున తీసుకుంది. పెద్దమ్మ జేబులోంచి వచ్చిన కట్ట ఇంకా నాఫ్తలీన్ వాసనే వేస్తోంది.

పోఖరాలో మేమున్న ఇంటి ముసలమ్మ మా నుదుట పెరుగూ కుంకుమా కలిపిన బియ్యం అద్ది, చెవి మీద బార్లీ మొలకలు దోపి, పెద్దమ్మ చేతిలో ఫెళఫెళలాడే కొత్త పది నోటు పెట్టింది. దశైన్ టీకా దక్షిణ అట. సునౌలీలో మిగిలిన ఎన్‌సీ అంతా మార్చేస్తూ చేయి చాపితే, పెద్దమ్మ ఆ పది ఇవ్వలేదు.

"ఇది ఆవిడ నాకిచ్చింది," అంది, పసుపుగుడ్డలో చుట్టుకుంటూ.