ఉత్తర ద్వారం గుండా శ్రీశైలం

ఆగస్టు 15 సెలవుకి శని, ఆదివారాలు కలిసొచ్చాయి. శ్రావణమాసం, పైగా శ్రీశైలం డ్యామ్ గేట్లు ఎత్తారని టీవీలో ఒకటే చూపించడం. ఇంకేం, మాకొచ్చిన ఆలోచనే హైదరాబాద్‌లో సగం మందికి వచ్చినట్టుంది.

మధ్యాహ్నం బయల్దేరాలనుకున్నాం. మా ఆడపడుచు వాళ్లు వచ్చేసరికే నాలుగు దాటింది. సిటీ దాటేదాకా ట్రాఫిక్, కల్వకుర్తి దాటాక వాళ్ల కారుకి పంక్చర్. మన్ననూరు చేరేసరికి తొమ్మిది దాటింది, చెక్‌పోస్టు గేటు పడిపోయింది. అక్కడినుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు. మావారు దిగి, "పెద్దావిడ ఉన్నారు, చిన్నపిల్లలున్నారు" అని బతిమాలారు. "మీ ముందొచ్చినవాళ్లూ ఇదే చెప్పారు సార్" అన్నాడు గార్డు. ఆ రూల్‌ని తప్పుపట్టలేం. రాత్రిపూట రోడ్డు దాటే జంతువులకి మన సెలవుల సంగతేం తెలుసు?

శ్రీశైలం సత్రంలో డబ్బు కట్టిన గది ఖాళీగా ఉంది, మేమేమో కార్లలో. అద్దాలు దించితే దోమలు, ఎక్కిస్తే ఉక్క. మావారూ అన్నయ్యగారూ ఆలస్యం ఎవరివల్ల అయిందో తేల్చుకునే పనిలో పడ్డారు. పిల్లలకి మాత్రం పండగే. పులి గేటు దాటి ఇవతలికి వస్తుందా రాదా అని అర్ధరాత్రి దాకా వాదించుకున్నారు.

ఆరింటికి గేటు తీయగానే అన్ని బండ్లూ ఒక్కసారిగా కదిలాయి. మావారు స్టార్ట్ చేయబోతుంటే అత్తయ్య ఆపారు. "వాళ్లని పోనీరా. ఇంతదాకా వచ్చి ఉమామహేశ్వరం చూడకుండా పోతామా?" శ్రీశైలానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ద్వారాలట. మా ప్లాన్‌లో లేని పేరు అది. కాస్త వెనక్కి వచ్చి ఘాట్ రోడ్డెక్కాం.

కొండచరియ కిందే గుడి. పాపనాశనం దగ్గర బండలోంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. వానాకాలం కదా, లోయంతా మబ్బు. జనం పెద్దగా లేరు. అత్తయ్య అభిషేకం చేయించి, అరుగు మీద కూర్చుని, లేవమన్నా లేవలేదు. రాత్రంతా చిటపటలాడిన మావారు ఆవిడ పక్కనే గోడకి ఆనుకుని నిద్రపోయారు. ఎవరం లేపలేదు.

తర్వాతదంతా ఉరుకులు పరుగులే. దోమలపెంట నుంచే బండ్ల బారు. డ్యామ్ గేట్లలోంచి దూకే కృష్ణమ్మని కారు కిటికీలోంచే చూశాం. గుడిలో రద్దీవల్ల స్పర్శదర్శనం ఆపేశారు. మల్లన్నని చేత్తో తాకాలన్నది అత్తయ్య కోరిక, అది తీరలేదు. జ్యోతిర్లింగం, శక్తిపీఠం ఒకే ప్రాంగణంలో ఉన్న క్షేత్రం కాబట్టి భ్రమరాంబ దర్శనం కూడా అక్కడే అయింది, అదీ తోపులాటలోనే. పాతాళగంగ, రోప్‌వే వదిలేశాం. పిల్లలు అలిగారు.

ఎందుకంటే మళ్లీ తొమ్మిదిలోపు మన్ననూరు దాటాలి. సాక్షి గణపతి దగ్గర మాత్రం అత్తయ్య ఆపించారు. క్షేత్రానికి వచ్చినట్టు ఆయన దగ్గర హాజరు పడాలి కదా. అక్కడా క్యూనే. మావారు వాచీ చూసుకుంటూ స్టీరింగ్ వదల్లేదు. "నా హాజరు కూడా నువ్వే వేయించు" అన్నారు. ఆవిడ వేయించలేదట. ఏడున్నరకి మన్ననూరు దాటాక చెప్పారు.